రంగు కర్తయా, సాక్షియా?



1876వ సంవత్సరమున జర్మనీ దేశములోని గాటింగెన్ నగరమందు ఎబ్‌స్టైన్ అను వైద్యుడు, జ్వరమునకును కీళ్ళనొప్పులకును వాడుకలోనున్న సోడియం సాలిసిలేట్ అను మందును మధుమేహ రోగులకు పెద్ద మోతాదులలో ఇచ్చి చూడగా, వారి మూత్రములో చక్కెర తగ్గిపోవుట కనిపెట్టి ప్రకటించెను. ఇన్సులిన్ అను పదార్థమొకటి కలదని లోకమునకు ఇంకను తెలియని కాలమది. మధుమేహికి పథ్యము తప్ప వేరు గతిలేని కాలమది. ఇరువదియైదేండ్ల తరువాత, 1901లో, ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమునుండి విలియంసన్ అను మరియొక వైద్యుడు అదే మందుతో అదే ఫలితమును చూచి మరల వ్రాసెను. అంతట 1921లో ఇన్సులిన్ దొరికినది. దాని ముందర తక్కినవన్నియు వెలవెలబోయినవి. నొప్పిని వాపును తగ్గించు మందు చక్కెరను ఏల తగ్గింపవలెనను ప్రశ్న, ఎవరును సమాధానము చెప్పకుండగనే, ఇంచుమించు నూరేండ్లు నిద్రించినది. ఈ పూట నేను మాటాడదలచిన విషయము ఆ ప్రశ్న మేల్కొన్న నాటినుండి ఆరంభమగుచున్నది. మన కూరగాయలలోను పండ్లలోను పసుపుకొమ్ములోను గల రంగులకు ఆ ప్రశ్నతో ఏమి పొత్తు కలదో, ఉన్నచో ఎంతమాత్రము కలదో, విచారింతము.

ఆ మందు అణచు నొప్పికిని వాపునకును మూలమైనది శోథము. శోథమనగా నేమో మనకందరకు అనుభవమే. ముల్లు గ్రుచ్చుకొన్న చోటు ఎరుపెక్కును, వాచును, వేడెక్కును, నొప్పి పుట్టును. ఈ నాలుగు లక్షణములను క్రీస్తుశకము మొదటి శతాబ్దములోనే సెల్సస్ అను రోమను గ్రంథకర్త వరుసగా లెక్కించి పెట్టినాడు. మధుమేహములోని శోథమునకు ఈ నాలుగింటిలో ఒక్కటియు పైకి కానరాదు. అది నివురు గప్పిన నిప్పు. కడుపులో ప్రేవుల చుట్టును పేరుకొన్న క్రొవ్వులో, కాలేయములో, రక్తనాళముల లోపలి పొరలో, రోగికి తెలియకుండ ఏండ్ల తరబడి రాజుచుండును. చిరకాలము క్రొవ్వు కణమును శక్తి దాచుకొను గాదెగానే శాస్త్రజ్ఞులు భావించిరి. 1993లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన హోటమిస్లిగిల్, స్పీగెల్‌మన్ మొదలగువారు, బలిసిన ఎలుకల క్రొవ్వు ఊరకుండక ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అను శోథకారక పదార్థమును తయారుచేయుచున్నదనియు, దానిని అడ్డుకొన్నచో ఇన్సులిన్ మరల చక్కగా పనిచేయుచున్నదనియు చూపిరి. పది సంవత్సరముల పిమ్మట, 2003లో, బలిసిన క్రొవ్వులోనికి మాక్రోఫేజులనబడు రక్షకకణములు వచ్చి చేరుచున్నవనియు, ఆ శోథకారక పదార్థములలో అధికభాగము వానిదేననియు తేలినది.

ఈ శోథము ఇన్సులిన్‌ను ఎట్లు అడ్డగించుననుటకు సమాధానము ఇప్పుడు స్థూలముగా తెలిసినది. ఇన్సులిన్ కణముపైనున్న గ్రాహకమును తాకినంతనే, లోపల ఒక ప్రోటీను మరియొక ప్రోటీనునకు ఫాస్ఫేటును తగిలించుచు, ఆజ్ఞను వరుసగా లోనికి నడిపించును. ఆ వరుస కడముట్టినప్పుడే చక్కెర కణములోనికి ప్రవేశించును. శోథకారక పదార్థముల ప్రేరణవలన, ఆ వరుసలో మొదటనుండు ప్రోటీనునకే తగిలింపరాని చోట ఫాస్ఫేటు తగులుకొనును. ఆజ్ఞ అక్కడనే నిలిచిపోవును. ఇన్సులిన్ ఉండియు లేనట్లే యగును. కణములోని ఈ శోథకాండమునకు అధికారిగా వ్యవహరించు ప్రోటీనును ఎన్‌ఎఫ్ కప్పా బి అందురు. దానిని 1986లో కనుగొనిరి. సాలిసిలేట్ పనిచేయునది ఈ అధికారిని మేల్కొలుపు ఎంజైముమీదనే యని 2001లో బోస్టను పరిశోధకులు చూపినప్పుడు ఎబ్‌స్టైన్ ప్రశ్నకు జవాబు వచ్చినది. ఆ జాతి మందులలో ఒకటియైన సాల్సలేట్‌ను మధుమేహులకు 48 వారములు ఇచ్చి చూడగా, రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్‌బి ఎ1సి పరీక్షలో 0.37 శాతము తగ్గినట్లు 2013లో ప్రకటించిరి. ఫలితము సత్యము, కాని స్వల్పము.

స్వల్పమని ఏల నొక్కి చెప్పుచున్నాననగా, శోథమే సర్వమునకు మూలమని, దానిని ఆర్పినచో మధుమేహము మాయమగునని, చెప్పువారు నేడు మిక్కిలిగా ఉన్నారు. ఎలుకలలో అంత చక్కగా ఫలించిన ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ నిరోధము మధుమేహముగల మనుష్యులలో ఇన్సులిన్ పనితనమును మెరుగుపరచలేదు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అను మరియొక శోథకారకమును అడ్డగించు కనకినుమాబ్ మందును పదివేలకుపైగా హృద్రోగులలో పరీక్షించి చూచిన మహాప్రయోగము 2017లో ముగిసినది. అందు గుండెపోటులు తగ్గినవిగాని క్రొత్తగా మధుమేహము వచ్చుట తగ్గలేదు. కావున శోథము ఈ వ్యాధి గొలుసులో ఒక లంకె. బలమైన లంకెయే, కాని ఒక్కటే లంకె కాదు. ఈ మాటను మనసునందుంచుకొని రంగుల కథకు పోదము.

మొక్క రంగును మనకొరకు చేయదు. పుప్పొడిని మోయు తుమ్మెదను పిలుచుటకు, విత్తును మ్రింగి దూరముగా విడుచు పక్షిని ఆకర్షించుటకు, సూర్యకాంతి మితిమీరినప్పుడు లేతాకును కాపాడుకొనుటకు అది రంగులను వండుకొనును. ఆ రంగులలో హరితమును ప్రక్కనుంచినచో ముఖ్యముగా మూడు వంశములు కలవు. మొదటిది కెరోటినాయిడ్ల వంశము: క్యారెట్టు, గుమ్మడి, బొప్పాయి, మామిడిపండు, టమోటా, ఇవియన్నియు దానివే. రెండవది ఫ్లేవనాయిడ్లు, ఉల్లిలోని లేతపసుపు క్వెర్సెటిన్ మొదలు అల్లనేరేడులోని ఊదా ఆంథోసయనిన్‌వరకు వీని సంతతి విస్తారము. మూడవది బీటలైన్ల వంశము. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, బచ్చలిపండు దీనికి చెందినవి. ఒక చిత్రమేమనగా, ఆంథోసయనిన్ చేయు మొక్క బీటలైన్ చేయదు, బీటలైన్ చేయు మొక్క ఆంథోసయనిన్ చేయదు. ఈ రెండును ఒక్క మొక్కలో కలిసి కానవచ్చుట ఇంతవరకు ఎరుగము. పసుపుకొమ్ములోని కుర్క్యుమిన్ ఈ మూడింటికిని బయట, తన దారిని తానుండును.

ఈ రంగులను విడదీసి చూచుట మానవునకు సులభముగా చేతగాలేదు. కుర్క్యుమిన్‌ను పసుపునుండి 1815లో వేరుచేసిరి; దాని నిర్మాణము తెలిసికొనుటకు 1910వరకు పట్టినది. వార్సా నగరమున ష్వెట్ అను రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు 1903లో తన ప్రయోగమును వివరించెను: గాజుగొట్టములో సుద్దపొడి నింపి, దానిపై ఆకురసమును పోయగా, ఆ పచ్చదనము దిగుచు దిగుచు విడిపోయి, ఆకుపచ్చ పట్టెలు, పసుపు పట్టెలు, నారింజ పట్టెలు వేరువేరుగా నిలిచినవి. ఆకుకూరలో హరితముచాటున కెరోటినాయిడ్లు దాగియుండుననుటకు ఇంతకంటె చక్కని నిరూపణము లేదు. అందుచేతనే మునగాకును కరివేపాకును గుమ్మడిపండుతో సమానముగా, పలుమారు అంతకుమించి, కెరోటిన్ గలవిగా లెక్కించుచున్నారు. 1913 ప్రాంతమున జర్మనీలో విల్‌స్టేటర్ అను రసాయనజ్ఞుడు నీలిరంగు కార్న్‌ఫ్లవరులోను ఎర్రగులాబీలోను ఉన్న రంగు రసాయనముగా ఒక్కటేయని చూపి అందరిని ఆశ్చర్యపరచెను. 1915లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది.

తెలుగునేలకు ఈ కథలో నిజమైన భాగమొకటి కలదు. తిరువెంకట రాజేంద్ర శేషాద్రిగారు తమిళదేశమున జన్మించి, మాంచెస్టరునందు రసాయనజ్ఞుడు రాబర్టు రాబిన్‌సన్ శిష్యులై, 1930ల దశకమున వాల్తేరు చేరి ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర శాఖను నిర్మించిరి. దేశవిదేశముల రసాయనజ్ఞులు అరుదైన మూలికలకై వెదకుచుండగా ఆయనయు శిష్యులును ప్రత్తిపూలను, గోగుపూలను, గంగరావిపూలను కోసితెచ్చి వాని పసుపువన్నెలోని ఫ్లేవనాయిడ్లను ఒక్కొక్కటిగా విడదీసి నిర్మాణములను నిర్ణయించిరి. మనము గోంగూరగా వండుకొను మొక్క పూవు గూర్చిన వ్యాసములు ఆ కాలపు భారత విజ్ఞాన పత్రికలలో నేటికిని చదువవచ్చును. 1949లో ఆయన ఢిల్లీకి పోయిరి. 1960లో రాయల్ సొసైటీ సభ్యులైరి. వాల్తేరులో నాటిన ఆ విద్య మాత్రము శిష్యపరంపరలో కొనసాగినది. మధుమేహమునకు ఈ రంగులు ఉపయోగపడునా యని ఆనాడెవరును అడుగలేదు. పూవు పసుపుపచ్చగా ఏలయున్నదని అడిగిరి, అంతియే. ప్రయోజనము నాశింపని అట్టి కుతూహలమే తరువాతివారి ప్రయోజనమునకు పునాది యగుచుండుట విజ్ఞానచరిత్రలో పలుమారు చూచుచున్నాము. ఆపిల్ చెట్టు వేరు బెరడునుండి 1835లో తీసిన ఫ్లోరిజిన్ అను పదార్థము ఈ ఫ్లేవనాయిడ్లకు దగ్గరి బంధువు. దానిని తినిపించిన జంతువులకు మూత్రములో చక్కెర పోవునని 1886లో ఫాన్ మెరింగ్ చూపెను. నేడు మన మందులషాపులలో అమ్ముచున్న మధుమేహపు మందు డాపాగ్లిఫ్లోజిన్ ఆ వంశాంకురమే.

ఇక తినుటవిషయము. ఈ రంగులు పంటలో ఎక్కడ నివసించునో చూడుడు: ఎక్కువగా తొక్కలోను, తవుడులోను, పైపొరలోను. అల్లనేరేడు తినగా నాలుకను ఊదాచేయునది ప్రధానముగా దాని తొక్క. వంకాయలో రంగంతయు పలుచని తొక్కకే పరిమితము. గుత్తివంకాయ కూరలో అది నిలుచును, నిప్పులపై కాల్చి ఒలిచిన పచ్చడిలో పెంటకుప్ప పాలగును. ఉల్లిలో క్వెర్సెటిన్ వెలిపొరలలోనే హెచ్చు. నల్లబియ్యము నలుపును ఎర్రబియ్యము ఎరుపును తవుడులోనివి; మరపట్టి తెల్లగా తోమినంతనే అన్నియు ఒక్కటే తెలుపు. దంపుడుబియ్యము తిన్న తరమునకును మరబియ్యము తిన్న తరమునకును మధ్య తెలుగువాని కంచములో జరిగిన మార్పు ప్రధానముగా ఈ వివర్ణీకరణమేయని నా అభిప్రాయము. పెండ్లిపందిళ్ళలో వడ్డించు అన్నము ఎంత తెల్లగానున్న అంత గౌరవమను భ్రమ మనకు ఎక్కడినుండి వచ్చినదో గాని, దానికి మనము చెల్లించు మూల్యము తక్కువది కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన లెక్కప్రకారము మనదేశమున మధుమేహులు 10 కోట్ల 10 లక్షలమంది, ఆ అంచున నిలిచినవారు 13 కోట్ల 60 లక్షలమంది. తెల్ల అన్నమే దీనికంతకు కారణమని నేననను. కాని తెల్లబియ్యములో దినమునకు 50 గ్రాములకు బదులు ముడిబియ్యము తిన్న అమెరికా వాసులలో మధుమేహ భయము 16 శాతము తక్కువగా నుండునని 2010లో హార్వర్డు వారు వేసిన అంచనా మనము ఆలోచింపదగినది.

తిన్న రంగు లోపల ఏమిచేయును? ఇరువది ముప్పది యేండ్లక్రిందట ఈ ప్రశ్నకు సులభమైన సమాధానమొకటి ప్రచారములోనుండెను: ఇవి యాంటీఆక్సిడెంట్లు, దేహములోని దుష్ట ఆక్సిజన్ కణములను పట్టి నిర్వీర్యము చేయును, అని. పరీక్షనాళికలో ఏ పండు ఎంత శక్తి చూపునో పట్టికలు వేసిరి. పట్టికలనుబట్టి అంగడులలో సీసాలమీద అంకెలు ముద్రించిరి. ఆ అంకెలకు మానవశరీరములో జరుగుదానితో సంబంధము లేదని చెప్పి అమెరికా వ్యవసాయశాఖ 2012లో తన పట్టికను తానే ఉపసంహరించుకొన్నది. కారణము విస్పష్టము. తిన్న ఆంథోసయనిన్‌లో రక్తమునకు ఎక్కునది అత్యల్పము. అధికభాగము పెద్దప్రేవునకు దిగి, అచ్చటి సూక్ష్మజీవులచేత చిన్నచిన్న ఫినాలిక ఆమ్లములుగా విరువబడి, ఆ రూపమున లోనికి పోవును. మనము తినునది ఊదారంగు. దేహము చూచునది రంగులేని దాని శకలములు. ఆ శకలములును, రక్తమునకు ఎక్కిన ఆ కొద్దిపాటి రంగును, దుష్టకణములను పట్టుటకంటె ఆజ్ఞలను మార్చుటలో సమర్థములని నేటి అభిప్రాయము: ఎన్‌ఎఫ్ కప్పా బి అధికారమును కొంత తగ్గించును, కణమునకు తన రక్షణ ఎంజైములను తానే పెంచుకొమ్మని చెప్పు ఎన్‌ఆర్‌ఎఫ్2 అను ప్రోటీనును మేల్కొల్పును, ప్రేవులలో పిండిని చక్కెరగా విరుచు ఎంజైములను మందగింపజేయును. ఇవన్నియు కణములలోను ఎలుకలలోను చక్కగా కనబడుచున్నవి. మనుష్యునిలో ఎంతయను ప్రశ్న వచ్చినప్పుడు సాక్ష్యములను జాగ్రత్తగా తూచవలసియుండును. ఏలన, రంగు నేరస్థలమున కనబడుట వేరు, ఆ పనిని తానే చేయుట వేరు.

కెరోటినాయిడ్ల సాక్ష్యమును మొదట పిలుతము. ఐరోపాలోని ఎనిమిది దేశములలో ఆరోగ్యవంతుల రక్తమును తీసి భద్రపరచి, తరువాతి యేండ్లలో మధుమేహము వచ్చిన 9,754 మందిని తక్కినవారితో పోల్చి 2020లో ప్రకటించిన పరిశోధన ఒకటి కలదు. ఏమి తింటివని అడిగి వ్రాసికొన్న జ్ఞాపకముల లెక్క కాదిది. రక్తములోని కెరోటినాయిడ్లను, సి విటమినును కొలిచిన లెక్క. అవి ఎవరిలో హెచ్చుగానుండెనో వారికి మధుమేహము తక్కువగా వచ్చినది. దినమునకు 66 గ్రాముల కూరగాయలు పండ్లు అధికముగా తిన్నంతటి తేడాకు నాలుగవవంతు భయము తగ్గినది. ఇంతవరకు విన్నవాడెవడైనను కెరోటినే రక్షకుడని తీర్పు చెప్పును. ఇప్పుడు రెండవ సాక్షిని వినుడు. అమెరికాలో 22,071 మంది పురుష వైద్యులకు పండ్రెండేండ్లపాటు బీటా కెరోటిన్ బిళ్ళలో, ఉత్తబిళ్ళలో ఇచ్చి చూచిరి. మధుమేహము రెండుజట్లలోను ఒక్కతీరుగనే వచ్చినది. ఫిన్లండులో 29,133 మంది పొగత్రాగు పురుషులలో జరిపిన ప్రయోగము ఇంకను ఘోరముగా ముగిసినది: దినమునకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మ్రింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతము అధికముగా వచ్చినట్లు 1994లో తెలిసినది. తోటకూరలోని కెరోటిన్‌వలన పొగత్రాగువానికి ఇట్టి కీడు కలిగినదని ఎవరును చూపలేదు. ఈ రెంటిని ఎదురెదురుగా నిలిపి చూచిన నాకు తోచునది: కెరోటిన్ ఇక్కడ సాక్షి, కర్త కాదు. రక్తములో అది ఉండుట కూరలు పండ్లు తిన్నవాడని తెలుపును. మేలుచేసినది ఆ కూరలోని పీచు, ఖనిజములు, ఇతర ద్రవ్యములు, ఆ కూర కంచములో ఆక్రమించిన చోటు, అనగా తినకుండ పోయిన ఆ రెండు ముద్దల అన్నము, అన్నియు కలిసి.

ఆంథోసయనిన్‌విషయమున తీర్పు అంత సులభము కాదు. అమెరికాలో నర్సులు మొదలగు ఆరోగ్యవృత్తులవారు లక్షా ఎనుబదియేడువేలమంది తిండితీరును ఏండ్లతరబడి గమనించి 2013లో ప్రకటించిన లెక్కలలో, వారమునకు మూడుమార్లు బ్లూబెర్రీలు తిన్నవారికి మధుమేహ భయము 26 శాతము తక్కువ. ద్రాక్షలు కిస్‌మిస్‌లు తిన్నవారికి 12 శాతము తక్కువ. పండ్లను పిండి రసముగా త్రాగినచో ఫలితము తలక్రిందులై, పండ్లరసము త్రాగువారికి భయము 8 శాతము హెచ్చు. పిండుటలో తొక్క, పీచు పోయి చక్కెర మిగిలినదని వేరుగా చెప్పనక్కరలేదు. ఇంతకుమునుపు 2010లో లూసియానాలో, స్థూలకాయులై ఇన్సులిన్ నిరోధముగల 32 మందికి ఆరువారములు బ్లూబెర్రీపొడి కలిపిన పానీయమో, పొడిలేని అదే పానీయమో ఇచ్చి కొలువగా, పొడి త్రాగినవారిలో ఇన్సులిన్ పనితనము హెచ్చినది. పానీయము ఒక్కటే, తేడా పండుపొడిది. కనుక ఇక్కడ రంగుగల పండు సాక్షిమాత్రము కాక కర్తలలో ఒకటి యనుటకు కొంత ఆధారము కలదు. ఆ ప్రయోగములో శోథమును కొలుచు రక్తపరీక్షలు మారలేదను సంగతి కూడ దాచరాదు. మేలు ఏ దారిని వచ్చినదో ఇంకను తేలవలసియున్నది. మనకు బ్లూబెర్రీలు లేవని చింతింపనక్కరలేదు, విమానముపై వచ్చిన చిన్నడబ్బాను వందలు పోసి కొననక్కరలేదు. జ్యేష్ఠమాసమున బండిమీద రాశిపోసి అమ్ము అల్లనేరేడుతొక్కలో ఆ జాతి రంగులే, డెల్ఫినిడిన్, మాల్విడిన్ మొదలగునవి, సమృద్ధిగానున్నవి. గింజల చూర్ణమును మధుమేహమునకు వాడుట మనవారి పూర్వాచారము. నేను చెప్పుచున్నది గింజనుగూర్చి కాదు, ఉమ్మివేయక నమిలి మ్రింగవలసిన తొక్కనుగూర్చి.

చివరకు పసుపు. దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్లు గల తెలుగుదేశమున పసుపుపై ఆరోపింపని మహిమ లేదు. పసుపునకు సున్నము తగిలించినంతనే పారాణిగా ఎర్రబారునది కుర్క్యుమినే. థాయిలండులో మధుమేహము అంచున నిలిచిన 240 మందికి తొమ్మిదినెలలు కుర్క్యుమిన్ మాత్రలో, ఉత్తమాత్రలో ఇచ్చి 2012లో ప్రకటించిన ఫలితము ప్రసిద్ధము: ఉత్తమాత్రలవారిలో 16.4 శాతముమందికి మధుమేహము వచ్చినది, కుర్క్యుమిన్‌వారిలో ఒక్కరికిని రాలేదు. ఇంత సంపూర్ణవిజయము ఔషధచరిత్రలో అరుదు. అరుదైనదానిని అనుమానముతో చూచుట శాస్త్రధర్మము. వారు ఇచ్చినది దినమునకు ఒకటిన్నర గ్రాముల కుర్క్యుమిన్. పసుపులో అది నూటికి మూడుపాళ్ళు గనుక, 50 గ్రాముల పసుపుపొడితో సమానము. ఏ ఇల్లాలును పప్పులో అంత పసుపు వేయదు. పైగా కుర్క్యుమిన్ రక్తమునకు ఎక్కుట దుర్లభము. మిరియములోని పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు జతచేసినచో ఇరువది రెట్లు ఎక్కునని 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాల వారు చూపిరి. ప్రయోగశాలలో కుర్క్యుమిన్ కనబడిన ప్రోటీనుకెల్ల అంటుకొని, లేని గుణమును ఉన్నట్లు భ్రమింపజేయునని 2017లో ఔషధరసాయనజ్ఞులు కొందరు తీవ్రముగా హెచ్చరించిరి.

వీనియన్నింటికంటె నాకు విలువైనదిగా తోచునది హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2005లో ప్రకటించిన ఎలుకల ప్రయోగము. మధుమేహము కల్పించిన ఎలుకలకు ఆహారములో అరశాతము పసుపు కలిపి పెట్టిరి. అది మన వంటలోని పాళ్ళకు దూరము కాదు. రక్తములో చక్కెర ఏమాత్రము తగ్గలేదు. అయినను కంటిలో శుక్లము పెరుగుట ఆలస్యమైనది. విడదీసిన కుర్క్యుమిన్‌కంటె పసుపే ఎక్కువ మేలు చేసినది. చక్కెర తగ్గలేదను మాటను పసుపుమాత్రల ప్రకటనలు చూచి మందులు మానివేయువారు ముఖ్యముగా వినవలెను. పసుపు చేయగలిగినది, ఏమైన చేసినచో, చక్కెర కలిగించు నష్టమును కొంత నిదానింపజేయుట. చక్కెరను దించుటకు మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్ మొదలగునవి ఉండనే యున్నవి, వాని స్థానమున పసుపును కూర్చుండబెట్టరాదు.

మాత్రలవిషయమున ఇంకొక మాట. కుర్క్యుమిన్‌కు తోడు చేసిన పైపరిన్ పెంచునది కుర్క్యుమిన్‌నొక్కదానినే కాదు. ఇతరమందుల శోషణమును కూడ పెంచగలదు గనుక, అనేక మందులు వాడుచున్న మధుమేహి వైద్యునకు తెలుపక దానిని వాడుట మంచిది కాదు. పసుపుమాత్రలవలన కాలేయమునకు చెరుపు కలిగిన రోగులు 2019లో ఇటలీలో వరుసగా బయటపడిరి. అదే సంవత్సరము బంగ్లాదేశ్‌లో, పసుపుకొమ్ములకు మెరుగుపెట్టునప్పుడే నిగనిగలాడు పసుపువన్నెకై లెడ్ క్రోమేట్ అను సీసపు విషమును పూయుచున్నారని పరిశోధకులు కనుగొనిరి. కావున మరీ మెరియు కొమ్మును దంచుకొన్నంతమాత్రమున శుద్ధమని నమ్మరాదు.

వంటవిషయమున తెలిసికొనవలసినవి కొన్ని మాత్రమే. కెరోటినాయిడ్లు నూనెలోగాని కరుగవు. పోపులోని ఆ చెంచాడు నూనె లేనిదే మునగాకులోని కెరోటిన్ ప్రేవులను దాటి లోనికి సరిగా పోలేదు. టమోటాలోని లైకోపిన్ పచ్చిగా తిన్నప్పటికంటె నూనెలో మగ్గినప్పుడు ఎక్కువ అందును. ఆంథోసయనిన్ పులుపులో ఎర్రగా నిలిచి, క్షారములో నీలమై చెడును. పప్పు త్వరగా ఉడుకుటకు వంటసోడా వేయువారు వంకాయకూరకు మాత్రము దానిని తాకింపకుందురు గాక. ఎంత తినవలెననగా, జాతీయ పోషకాహార సంస్థవారి 2024 సూచనలలో దినమునకు 400 గ్రాముల కూరగాయలు ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు అని ఉన్నది. మన భోజనములలో పెక్కింట ఆ ప్రమాణమునకు సగము చేరుటయే గొప్ప.

మూత్రపిండములు దెబ్బతిన్న మధుమేహులకు మాత్రము ఈ ప్రమాణములు వర్తింపవు. ఆకుకూరలలో పొటాషియం మెండు. దానిని బయటికి పంపలేని రోగికి అది గుండెకు ముప్పు. అట్టివారు ఆకును నిండునీటిలో ఉడికించి ఆ నీటిని వార్చి తినవలెనని పథ్యనిపుణులు చెప్పుదురు. వార్చిన నీటితో పొటాషియం పోవును. బీటలైన్ నీటిలో కరుగునది గనుక ఎర్ర తోటకూర ఎరుపు కూడ ఆ నీటితోనే పోవును. ఎంత వార్చవలెనో, అసలు వార్చవలెనో లేదో, రోగి రక్తములోని పొటాషియం, క్రియాటినిన్ లెక్కలు చూచిన వైద్యుడు చెప్పవలసినదే.